మిగతావన్నీ

వాల్పరాయిసో కొండ మీద, రాత్రి బడిలో
పదిహేడేళ్లుగా నేను రాసే మొదటి వాక్యం ఇదే:
"మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటే
ధర పెరిగినప్పుడు కొనుగోలు తగ్గుతుంది."

ఈ ఊళ్లో ఏదీ ఉన్నచోట ఉండదు.
పొగమంచు తెల్లారేసరికి సగం ఇళ్లను మింగి
మధ్యాహ్నానికి కక్కుతుంది.
రేవులో నిన్నటి ఓడ ఇవాళ లేదు.
అయినా సుద్దముక్క పట్టుకుని బతిమాలతాను,
ఒక్క నలభై నిమిషాలు ఎవరూ కదలొద్దని:
రాగి ధర, ఇంటద్దె, సముద్రం,
ఎవరి మోకాలి నొప్పైనా సరే.

వెనక బెంచీలోంచి నిబాల్దో చెయ్యెత్తాడు.
తెల్లవారుజామున మూడింటికి పిండి పిసికే కుర్రాడు,
కనుబొమ్మల్లో ఇంకా మైదా.
"టీచర్, మా వీధిలో ఒత్తీలియా అవ్వ
రొట్టె చవగ్గా ఉన్నప్పుడు రెండు కొనేది,
ధర పెంచాక నాలుగు కొంటోంది."
ఎందుకట?
"మాంసం మానేసింది కదా."

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను.
ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మినహాయింపు అని అవ్వను పక్కన కూర్చోబెట్టాను.
పుస్తకంలో ఆమెకూ చోటుంది,
పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో.
ఎడమ పైనుంచి కుడి కిందికి
గీత గీస్తున్నాను,
భూమి ఒళ్లు విరుచుకుంది.

చిన్నదే. ఇలాంటివాటికి ఇక్కడ ఎవరూ లేవరు.
దీపం ఊగింది, కిటికీలు పళ్లు నూరాయి,
ఎవరో కాఫీ కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.
నా గీతలో మాత్రం వంకర పడింది.

డస్టర్ కోసం ఇటు తిరిగేసరికి
ఇరవై ఆరుగురూ ఆ వంకరను
శ్రద్ధగా నోటు పుస్తకాల్లోకి ఎక్కించేస్తున్నారు.

నేను అబద్ధం చెప్పడం లేదు, వినండి.
మా అమ్మ నా తల దువ్వేటప్పుడు
గడ్డం గట్టిగా పట్టుకునేది,
లోకం ఆగిందని కాదు,
పాపిడి తిన్నగా రావాలని.
వదలగానే పరుగు.
వీధి మలుపు తిరక్కముందే
రేవుగాలి అంతా చెరిపేసేది.
మర్నాడు మళ్లీ అదే చెయ్యి, అదే గడ్డం.

ఇదంతా పైకి అనలేదు.
గంట కొట్టారు.
"పరీక్షలో ఆ వంకర కూడా గీయాలా టీచర్?"
అంటూనే మెట్లు దిగిపోయాడు నిబాల్దో,
జవాబు కోసం ఆగలేదు.
అక్కడ తడిబట్ట కింద
పిండి అప్పటికే పొంగుతూ ఉంటుంది.