పదిహేను డాలర్ల దగ్గర

పోర్ట్ అగస్టాలో ఇంకా తెల్లవారని ఐదింటికి
బంకులో నిలబడి అంకెల్నే చూస్తుంటాను,
సెలైన్ చుక్కల్ని లెక్కపెట్టినట్టు
ఊపిరి బిగబట్టి, పెదాలు కదలకుండా.
పదిహేను డాలర్ల దగ్గర వేలు తీసెయ్యాలి.
నిన్న ఏడు సెంట్లు ఎక్కువైంది.
కౌంటర్లో కుర్రాడు పోనీలే అన్నాడు.
ఆ పోనీలే
వయాలా దాకా నా పక్క సీట్లో కూర్చునే వచ్చింది.

డెబ్బై అయిదు కిలోమీటర్లు. ఎర్రమట్టి, బూడిదరంగు ఉప్పుపొదలు,
రోడ్డు వారన చచ్చిన కంగారూ, దాని మీద కాకులు.
వెనక మెరిన్ నోరు తెరుచుకుని నిద్రపోతోంది.
రాత్రి పదకొండు దాకా పబ్బులో గ్లాసులు కడిగింది.
దానికి ఆ పనైనా మిగిలింది.
బేకరీ గ్లెండా మంచి మనిషే,
"ఆరు వారాలంటే ఎలాగమ్మా, రొట్టె ఆగదు కదా" అంది.
ఆఖరి రోజున సంచీడు నిలవ బన్నులు ఇచ్చింది.
ఫ్రీజర్లోంచి తీసి మందులా వాడుతున్నాను:
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి,
భోజనానికి ముందూ కాదు, తర్వాతా కాదు,
భోజనానికి బదులు.

వార్డులో నా పేరు స్టూడెంట్.
స్టూడెంట్, నాలుగో మంచానికి బెడ్‌పాన్.
స్టూడెంట్, ఆయన్ని ఎడమవైపుకి తిప్పు.
ఆ ఆయన డ్రాగో గారు.
నలభై ఏళ్ళ ఉక్కు ఫ్యాక్టరీ ఇప్పుడు ఆయన ఊపిరితిత్తుల్లో నడుస్తోంది.
ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం సర్దుతుంటే అడిగాడు,
"ఎంతిస్తారమ్మాయ్?"
ఏమీ ఇవ్వరన్నాను.
హాస్యమేమో అని నా మొహంలోకి చూశాడు.
కాసేపు గొట్టం బుసే.
"పదహారేళ్ళకి ఓడ దిగాను. ఇంగ్లీషు ముక్క రాదు.
సుత్తి ఎలా పట్టుకోవాలో నేర్పుతూ కూడా
మొదటి శుక్రవారమే కవరు చేతిలో పెట్టారు.
సుత్తికి!"
ఇంకేదో అనబోయాడు, ఆయాసం అననివ్వలేదు.
వీపు మీద అరచెయ్యి ఆన్చి
వాచీ చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై ఎనిమిది.
చార్టులో రాశాను.
లెక్క అయిపోయాక కూడా చెయ్యి అక్కడే ఉంచాను,
దానికి చార్టులో గడి లేదు.

రాత్రి డ్యూటీ దిగి మళ్ళీ తెల్లారే ఎక్కాల్సిన రోజుల్లో
ఇంటికి పోము. పెట్రోలు కంటే చలి చవక.
సముద్రం ఒడ్డున కారు ఆపి, అద్దం వేలెడంత దించి,
యూనిఫాం నలక్కుండా స్టీరింగుకి తగిలించి పడుకుంటాం.
మెరిన్ కొడుక్కి ఫోన్లో కథ చెబుతుంది.
వొంబాట్ కన్నంలోకి దూరింది,
అంతలో డేటా అయిపోయింది.
మిగతాది నాకు చెప్పింది.
సగం కథ నోట్లో పెట్టుకుని నిద్రపట్టదట.

ఎనిమిది వందల గంటలు నిండాలి.
తినే అరగంట లెక్కలోకి రాదు
(నేను తిననిది కూడా రాదు, అడిగాను).
సేవ, సేవ అంటుంది మా ట్యూటర్.
అన్నప్పుడల్లా ఆమె కాఫీ కప్పు మీదికే పోతుంది నా చూపు,
ఆరు డాలర్లు, అంటే ముప్ఫై కిలోమీటర్లు పైనే.

శుక్రవారం డ్రాగో గారిని అడిలైడ్‌కి పంపేశారు.
మంచం తుడిచి, దుప్పటి మార్చి, మూలలు మడిచాను.
సిస్టర్ లొరెయిన్ మడతల్ని వేలితో నొక్కి చూసి
బాగా కుదిరాయంది, పుస్తకంలో సంతకం పెట్టింది.
నాలుగు వందల పన్నెండు.

తిరిగొస్తూ బంకు దగ్గర ఆగాం. రేటు పెరిగింది.
అంకెలు ఇదివరకటికన్నా జోరుగా తిరుగుతున్నాయి.
మెరిన్ కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తోంది.
పదమూడు. పద్నాలుగు. పద్నాలుగున్నర.
వేలు తీశాను.
సరిగ్గా పదిహేను, సున్నా, సున్నా.
మెరిన్ చప్పట్లు కొట్టింది.