నడుము కొలత

ఇస్తాంబుల్లో, మర్మరా సముద్రపు వాసన
మెట్లెక్కి వచ్చే ఐదంతస్తుల ఇల్లు.
కింద జెకెరియా దర్జీ కొట్టు.
కొట్టు నడుమ మూడు స్తంభాలు:
ఒకదానికి అద్దం, ఒకదానికి క్యాలెండరు,
మూడోదానికి ఎప్పుడూ ఎవరిదో ఒక కోటు.

కోటు తీసి, సున్నం గీకి, గ్రైండరు పెట్టాం.
దుమ్ములోంచి పన్ను బయటపెట్టినట్టు
తెల్లగా ఒక ఆల్చిప్ప.
పక్కన ఇంకొకటి. తవ్వితే గుప్పెడు.
కడగని సముద్రపు ఇసుక.
యాభై ఏళ్లుగా లోపలి ఇనుమును ఉప్పు నాకుతోంది,
ఆవు దూడను నాకినంత ఓపిగ్గా.

నాలుగో అంతస్తు నుంచి నెజాతి తాత దిగొచ్చాడు.
చిప్పను గోటితో గీరాడు.
"డెబ్భై నాలుగు, ఎండాకాలం.
లారీకి ఇరవై లీరాలు మిగిలాయి మేస్త్రీకి.
పార పట్టింది నేనే."
ఎవరం ఏమీ అనలేదు.
ఆ ఇసుక మీదే కదా ఆయన మంచం కూడా.

తుప్పు గోకి, పుండు పూడ్చి,
స్తంభం మూలలు గుండ్రంగా అరగదీశాం.
పదునైన మూల మీద ఎంత గట్టి నారైనా తెగుతుందని
ఇంజనీరు సెవిమ్ చెబుతుంటే
జెకెరియా తలూపాడు: "కాలరుకీ అంతే."

కార్బన్ గుడ్డ చుట్ట విప్పాం.
కాకి రెక్క మెరుపు.
అన్నీ ఒకే దిక్కుకు నడిచే పోగులు,
పడుగే తప్ప పేక లేనట్టు.
"దీంతో ఏం కుట్టినా ఒంటికి దురదే,"
అంటూనే మెడలో టేపు తీసి
ఎవరూ అడక్కుండానే స్తంభం నడుము కొలిచాడు.
అతుక్కి జానెడు వదలమన్నాడు.
సెవిమ్ కాగితంలోనూ అంతే ఉంది.

జిగురు పూసి, ముడత పడకుండా చుట్టి,
రోలరుతో గాలి తరిమి,
బాలింతకు నడికట్టు బిగించినట్టు.
మర్నాడు నాణెంతో కొట్టి విన్నాం.
టక్, టక్, టక్.
ఒక్కచోట డొల్ల.
సూది గుచ్చి జిగురు ఎక్కించాం.

ఈ గుడ్డ పైకప్పును మొయ్యదు.
ఇవాళ ఏ పనీ చెయ్యదు. రేపూ చెయ్యదు.
నేల ఊగిన రాత్రి
కాంక్రీటు చితికి పక్కలకు ఉబ్బబోతే మాత్రం
చుట్టూ బిగుసుకుని
"ఎక్కడికి?" అంటుంది.
ఆ ఒక్క మాట కోసమే ఇంత ఖర్చు.

మేకు కొట్టొద్దన్నాం.
కోటు కుర్చీ మీదికి మారింది.

పైన గార తనే పూస్తానన్నాడు నెజాతి.
పెరట్లో బకెట్టు ముందు గొంతుక్కూర్చుని
నది ఇసుకే అని చెప్పినా వినకుండా
మూడుసార్లు కడిగాడు.
ఆఖరి నీళ్లలో వేలు ముంచి
నాలుక మీద పెట్టుకున్నాడు.
కాసేపు ఆగి,
మళ్లీ కడిగాడు.