పుర్రచెయ్యి

పుట్టపాకల మా ఇంట్ల
మగ్గమెక్కకముందే బొమ్మ పుడ్తది.
ఏ పోగు రంగు తాగాలె, ఏది పొడిగ ఉండాలె,
చిట్కి కట్టినప్పుడే ఒడిసిన ముచ్చట.

రేపు జువాలజీ పరీక్ష.
మూడోనెల కడుపుల
టెస్టోస్టిరాన్ మెదడు పోగుల్ని తడుపుతదట,
కుడి సగం ఒక తీరు, ఎడమ సగం ఇంకో తీరు.
ఎంత తడుపుతదో
పుస్తకానికే సరిగ్గ తెల్వదు.

నేనూ మార్కండా ఒక్క కానుపుల పుట్టినం.
వానికి మాటలు ముందొచ్చినయ్, నాకు లెక్కలు.
పుస్తకం తారుమారు.
పైగ నాది పుర్రచెయ్యి.
ప్రసాదానికి చాపితె బాపమ్మ చరిచిన చెయ్యి.
ఇప్పుడు ఆసు మీద
పొద్దందాక వేలసార్లు ఊగేది అదే.

"ఎవలు కట్టిన్రే నీకు ఈ ముడి?"
చెప్పబోయిన. బాపమ్మ వినలే.
తేలియా రుమాలు అంచు వెలుతురుకు పట్టింది:
"సూడు, ఎంత బిగిచ్చి కట్టినా
రంగు జరంత అవతలికి పాకుతది.
కోసినట్టుంటె అది అచ్చుగుడ్డ,
మనది కాదు."

రాత్రి నోట్సుల
'ఆడ మెదడు, మగ మెదడు: తేడాలు' అని రాసి
నడుమ స్కేలు పెట్టి గీత కొట్టిన.
రెండో వరుస నింపుకుంట పోతుంటె
పుర్రచెయ్యి కింద
సిరా ఆరని గీత
అలుక్కపోయింది.