వీధుల గ్రేడింగు

ఆకు చేతికొస్తే చాలు,
చూడక్కర్లా, వేళ్లే చెప్తాయి
ఇది మేలు, ఇది మజ్జిరకం, ఇది మాడింది.
ఇరవై రెండేళ్లు కొండపి షెడ్డులో కూర్చున్న వేళ్లు.

ఆదివారం బేళ్లు పక్కకు నెట్టి
నేల మీద మా ఊరు పరిచాం.
పొగాకు ఈనెలు వీధులు,
నా టిఫిను డబ్బా బస్టాపు,
ఎస్తేరు చెప్పు బ్రాందీ షాపు.
"చెప్పే ఎందుకే?" అంటే
"ఇంకేం పెట్టమంటావు?" అంది.
దగ్గొచ్చిందాకా నవ్వాం.

తర్వాత వీధులకు రకాలు కట్టాం.
బ్యారన్ల వెనక దారి: మాడిన ఆకు.
పొద్దుగూకినాక చిల్లకంప పక్క: మాడిన ఆకు.
హైస్కూలు మలుపులో కెజియా,
పదో తరగతి పిల్ల, ఏం మాట్లాడకుండా
మూడు ఆకులు పెట్టింది.
ఆ మూడు ఎవరో అందరికీ తెలుసు.

సిమెంటు రోడ్డు, రెండు లైట్లు,
మాలకొండమ్మ వీధికి మేలురకం, నిమ్మపండు రంగుది పెట్టాం.
ఆమె వంగి దాన్ని తీసేసింది.
మండెలో చెయ్యి దూర్చి
నల్లటాకు ఒకటి లాగి
సరిగ్గా తన గుమ్మం మీద పెట్టింది.
"లైట్లు బయటే గదా" అంది.

ఫ్యాను చప్పుడు.
రోడ్డు మీద ఎవరిదో ట్రాక్టరు.
ఒక్కో చెయ్యే మండెలోకి పోయింది.

పంచాయతీ కాయితంలో
దీపాలకు గడి ఉంది, రోడ్డుకుంది, కాలవకుంది.
ఇంటి లోపలకు లేదు.
ఎస్తేరు మార్జిన్లో వంకరగా ఓ గీత గీసి
సెక్రటరీ చేత రాయించింది:
మస్తాన్‌బీ తలుపుకు రాత్రిళ్లు గడియ వెయ్యదు.
ఆటో వందనం ఫోను దిండు కింద. మోగితే ఎందుకని అడగడు.
మొగోళ్లతో చెంచయ్య మాట్లాడాలి, వాళ్లు తాగకముందే.
అరుపు వినపడితే అటింటోళ్లు ఇటింటోళ్లు
ఉప్పు అడగటానికి వెళ్లాలి.
దీపాలు పెట్టినాక ఉప్పు మాటెత్తకూడదంటారు.
ఎత్తాలి. ఒక్కరు కాదు, ముగ్గురు.

నా సంతకం పదిహేడోది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నా.
పొగాకు జిగురు సబ్బుకు పోదు.
నా గుమ్మం మీద నేనేం పెట్టలా.
మంచం మీద కొడుకు, పొయ్యి కాడ కోడలు.
నాలుగు రోజుల్నించీ
ఆ పిల్ల గిన్నె ఎడంచేత్తోనే దించతంది.
చూశా. అడగలా.

దీపాలు పెట్టి చాలాసేపయింది.
"ఉప్పుందా అమ్మాయ్?" అన్నా.
డబ్బా నా మోచేతి పక్కనే ఉంది.