సగ్గుబియ్యం

పొద్దుగూకినంకనే చల్లాలె అన్నది మృణ్మయి మేడం.
ఎండ తగిలితే చస్తయట.
పుణె నుంచి మంచు డబ్బల పెట్టుకొని
అసరెల్లి దాక మోసుకొచ్చింది.
చూస్తే సగ్గుబియ్యం లెక్క,
పట్టుకుంటే వేళ్ళ సందులకెళ్ళి జారే చల్లటి గింజలు.
ఒక్కొక్క గింజల లక్షల పాణాలున్నయట,
కంటికి ఆనవు.

వీటికి ముక్కు మేమే పెట్టినం,
దీపం గూడ మేమే పెట్టినమన్నది.
పాతిన మందు వాసన మట్టిలకెళ్ళి పైకొస్తే
పసిగట్టి, దీపం ముట్టిస్తయట.
ఏ దేవునికి? అన్న.
ఆమెకు తెలుగు నాలుగు మాటలు, నాకు మరాఠీ పది.
నవ్వొక్కటి ఇద్దరికొచ్చు.

చల్లే డ్రోను ఇప్పచెట్టుకు తట్టుకొని
రెక్క విరగ్గొట్టుకున్నది.
గందుకే నా చెయ్యి పనికొచ్చింది.
పోలీసోళ్ళు జాడ తీసిన సన్న గీత మీద నిలబడి
ఇంద్రావతి రేవుకు దిగే బాట మీదికి
నువ్వులు చల్లినట్టు చల్లిన.
మొలవొద్దని మొక్కుకుంట విత్తనం చల్లుడు
నా బతుకుల అదే మొదటిసారి.

రాత్రి. దోమలు. ఏటి అవతల బస్తరు,
అక్కడ ఒక్క కుక్క గూడ మొరుగలే.
మూడో ఝాముకు మేడం నీలం లైటు కొట్టింది.
ముందుగాల ఏం లేదు.
తరువాత రాయి పక్కన
పచ్చగ, మిణుగురు రెక్క ముడిచినంత,
ఒకటి.

ఆ రాయి నాకెరుకే.
పదకొండు ఎండకాలాలు తునికాకు మోపు దించి
దమ్ము తీసుకున్న రాయి.
చంటిపిల్ల రుక్మిణికి
పాలిచ్చిన జాగ.
ఎన్నడు పాతిండ్రో, నేను ఎన్నిసార్లు దాని మీద కూసున్ననో
లెక్క ఎవరు చెప్తరు?
గింజకేం తెలుసు నా నడుమంత వణుకు,
అది తన మానాన అది వెలుగుతున్నది.

తెల్లారేవరకు తొమ్మిదైనయి.
ఎనిమిది తవ్వి తీసిండ్రు, టిఫిన్ డబ్బలు, కుక్కర్లు.
తొమ్మిదో కాడ మూరెడు తవ్వినా
మట్టే, ఉత్త మట్టి.
ఒక్కోసారి ఇవి తప్పు చెప్తయన్నది మేడం, కాయితం మీద రాసుకుంట.
తప్పు కాదమ్మా అన్న.
మా మరిది పోచం ఎడ్లబండి
పోయినేడాది లేచిపోయింది ఇక్కడనే.
ఎడ్లు దొరికినయి ముక్కలు ముక్కలు.
పోచం చెప్పు ఒక్కటే దొరికింది.
మందు కాలంగ మిగిలింది ఇంకా ఇంకిపోలే.
మేడం పెన్ను ఆగింది.
రాసింది కొట్టేసింది, మళ్ళ ఏం రాయలే.

పొద్దు పొడిచింది. గింజలు ఎండి పొట్టయినయి.
మూడొందల కూలి, వేలిముద్ర.
బాట సాఫయింది, నడువుమన్నడు సాబు.
వెనుక బిందె పట్టుకొని రుక్మిణి నిలబడ్డది.
నేను గీత దిగలే.
బాట మీద నా పాత అడుగులే ఉన్నయి,
ఎట్ల తప్పిచ్చుకున్నయో
వాటినే అడగాలె.