బాగు

గుణుపురం కాలేజీ వెనక గ్రౌండు.
నాలుగు ట్రాక్టర్ల వంశధార ఇసుక పోసి
కాళ్లతోనే చదును చేసుకున్నాం.
చిరిగిన నెట్టుకి ఒక మూల చేపల వల ముక్క.
నేను లిఫ్టర్ని.
బంతి నా వేళ్ల మీద రెప్పపాటైనా ఆగదు.
ఆ కాస్తలోనే నన్ను చదివేసేవాళ్లున్నారు.

అందరికన్నా ముందు దండాసి.
గీత అవతల, కిరసనాయిలు స్టవ్వు పక్కన
గ్లాసులు కడుగుతూ, తలైనా ఎత్తకుండా
"ఎడంకే ఏస్తాడు గుంటడు" అంటాడు.
ఎడంకే వేస్తాను.
"మల్లీ ఎడంకే."
మళ్లీ ఎడంకే.

ఎడమ కొసన ఎలియో రైతా ఉంటాడు మరి,
పుట్టాసింగి కొండ దిగొచ్చిన సవర కుర్రాడు,
ఎగిరితే మోచెయ్యి నెట్టు దాటుతుంది.
బిసోయి మాస్టారి పాఠం ఒక్కటే:
మొదటి బంతి ఎడమకి, రెండోదీ ఎడమకి,
ఏమీ తోచకపోతే ఎడమకి.
పార్వతీపురం వాళ్లకి అది కంఠతా వచ్చు.
మేం లేవకముందే ముగ్గురు లేచి గోడ కట్టేవారు.
ఎలియో కొట్టిన బంతి ఎలియో పాదాల దగ్గరే పడేది.

వాళ్లొచ్చే వారం ముందు మాస్టారు సైగలు పెట్టారు.
కడుపు దగ్గర దాచి ఒక వేలు, రెండు వేళ్లు.
దండాసి వేళ్లు కూడా లెక్కపెట్టేశాడు.
తెలుగులో అరిస్తే వాళ్లకి తెలుసు.
ఒడియాలో అరుద్దామంటే
ఆ జట్టులో ఇద్దరి అమ్మమ్మలు పర్లాకిమిడి వాళ్లు.
బూటు తాడు ముడేస్తూ ఎలియో అన్నాడు:
"మా లెక్క ఉంది కద సార్.
అబోయ్, బాగు, యాగి."
బాగు అంటే రెండు.
రెండు అంటే నా వీపు వెనక్కి,
ఎవరూ లెక్కచెయ్యని పొట్టి సీమాంచలానికి.

మొదటి సెట్టు. పాసు నా చెవి పక్కనించి వంకరగా వచ్చింది.
"బాగు!" అని మాస్టారు.
ఇంత చెత్త పాసుకి మెచ్చుకోలేమిటని
అవతల ఒకడు నవ్వాడు.
ఎలియో కేక పెట్టి గాలిని కొట్టాడు,
వాడితోపాటు ముగ్గురూ గాల్లోకి లేచారు.
బంతి నా తల మీంచి వెనక్కి పోయింది.
పడటం చూళ్లేదు. ఇసుక చప్పుడు విన్నాను.

దండాసి నోరు తెరిచాడు.
పాతికేళ్లు కొండ సంతల్లో ఉప్పూ పొగాకూ అమ్మినవాడు,
ఆ మాటకి రెండని తెలిసినవాడు అక్కడ వాడొక్కడే.
మూసేశాడు.
ఆ గ్రౌండులో స్టవ్వు మోత వినపడటం
నాకదే మొదలు.

తర్వాత మాకు ఆశ పుట్టింది.
రెండో సెట్టంతా బాగు, బాగు, బాగు.
అయిదోసారి వాళ్ల కెప్టెనే
చెమట తుడుచుకుంటూ "బాగు" అన్నాడు.
సీమాంచలం ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు,
అప్పిచ్చినవాళ్లలాగ.
సెట్టు పోయింది.

ఆఖరి సెట్టు, ఆఖరి బంతి.
మాస్టారికి ఇంకో మాట రాదు. "బాగు!"
నా వేళ్లు నా మాట వినలేదో,
దండాసి మాటే విన్నాయో,
ఎడమకి వేశాను.
ఎలియోకీ తెలీదు.
ఉత్తుత్తి కోసం ఎగిరినవాడి చేతికి బంతి దొరికింది.
ఎదురుగా గోడ లేదు, మనిషి లేడు,
పొద్దువాలిన సంత మైదానంలా బోసిగా ఉంది.
వాడు కొట్టలేదు.
నీళ్లకుండ దించినట్టు అవతల దించాడు.

గ్లాసందిస్తూ దండాసి గొంతు తగ్గించి అడిగాడు:
"ఆదోరం జయపురం ఓల్లతో గద,
ఎటేస్తావేటి?"
"ఎడంకే" అన్నాను.
నా మొహంలోకి చాలాసేపు చూశాడు,
అబద్ధమని తేల్చుకున్నాడు.
టీలో పంచదార వెయ్యడం మరిచిపోయాడు.