గుచ్చి చూసే గొట్టం

కొత్తపేటలో ఆరు మెట్లు కిందికి దిగితే మా ల్యాబు.
వానొస్తే వీధికంటే ముందు మాకే తెలుస్తుంది.
సీసాల మీద పేర్లు చదివి చిట్టాకెక్కించడం
పందొమ్మిదేళ్లుగా నా పని.
మనుషులు రారు ఇక్కడికి, ముక్కలొస్తాయి.

బ్రాడీపేట నాలుగో లైను నుంచి వచ్చే సీసా
బొటనవేలంత.
అడుగున నాలుగు సేమ్యా పుల్లలు,
తుమ్మితే ఎగిరిపోయేటంతటివి.
వాటిని మైనంలో పాతి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి,
రంగులద్ది, మేడమ్‌గారి కంటి కింద పెడతాం.
ఆవిడ సంతకం చేశాక గానీ
ఆ డాక్టరు కత్తి అడగడు.

పట్టాలు దాటి, అరండల్‌పేట పదకొండో లైను నుంచి
వచ్చేది ఊరగాయ జాడీ అంత డబ్బా.
రెండు చేతులా పట్టుకోవాలి.
ఫారంలో "కేన్సరా?" అని ఉంటుంది.
ఆ ప్రశ్న గుర్తు వంకర చూస్తూ
మూత తిప్పుతాను.

ఆయన చెడ్డవాడని కాదు.
మా అమ్మ గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తీసింది ఆయనే,
కుట్టు ఎక్కడుందో అమ్మకే కనపడదు.
"ముప్పై ఏళ్ల వేళ్లయ్యా ఇవి," అంటాడు.
"మాచర్ల నుంచి తెల్లారుజాము బస్సెక్కి వచ్చిన మనిషికి
సూది ఓరోజు, కత్తి ఓరోజు అంటే
రెండోసారి వస్తుందా?"
అదీ నిజమే. రానివాళ్ల పేర్లు కూడా
నా చిట్టాలో ఉన్నాయి.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఎవరి పేరు రాసిస్తే ఆయనే.
శంకర్‌విలాస్ సెంటర్లో ఆటో ఎటు తిరిగితే అటే.

గాదె శౌరీలమ్మ, నలభై ఒకటి, ఫిరంగిపురం.
జాడీ.
కేన్సరు కాదు, మందులకు తగ్గే వాపు అని
మేడమ్ రెండుసార్లు చూసి రాసింది.
కాగితం కోసం వచ్చిన వాళ్లాయన
మెట్ల మీదే మోకరించి శిలువ గుర్తు వేసుకున్నాడు.
"ఏమీ లేదంటండీ!" అని ఫోన్లో అందరికీ.
అవును, ఏమీ లేదు అక్కడ.
పావుకిలో కాజాలు బల్లమీద పెట్టి వెళ్లాడు.
ఆ పొట్లం మేమెవరం విప్పలేదు,
చీమలే విప్పుకున్నాయి.

ఆ తర్వాత, మార్చిలో అనుకుంటా,
ఒక మనిషి దిగింది.
సీసా లేదు. మడత పెట్టిన ఫారం ఒకటే.
షేక్ మస్తాన్‌బీ. పట్నంబజారు పప్పుల కొట్లో
బస్తాలు గుచ్చి చూసే పని.
కొంగు చాటునుంచి గొట్టం తీసి బల్లమీద పెట్టింది:
జానెడు ఇనుము, మొన వాలుగా కోసి,
లోపల బోలు, ఇంకా కందిపొడి.
"బస్తా విప్పితే మళ్లీ కుట్టాల. కూలెవడిస్తాడు?
ఇది గుచ్చితే నాలుగు గింజలు చేతిలో పడతయ్యి,
సరుకేందో చెప్పేస్తా.
నన్ను మాత్రం ముందే విప్పుతానంటన్నాడేంది ఆయన?"
కాసేపాగి, గొంతు తగ్గించి,
"సూది తగిలితే పాకుద్దంటది మా వదిన. నిజమేనా?"

నేను గుమస్తాని. జవాబు నాది కాదు.
గొట్టం పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్లాను.
ఆవిడ బయటికొచ్చి, అట్లా ఏం పాకదమ్మా అని,
ఫోను తీసింది. నాకు వినపడింది ఇటువైపు మాటే:
"లేదండీ... మీ వేళ్లను కాదండీ...
పావుగంటండీ... మూడో రోజుకి ఇచ్చేస్తానండీ..."

గురువారం, పదకొండో లైను నుంచి చిన్న సీసా.
పుల్ల ఒకటే, అదీ మధ్యకి విరిగింది.
చెయ్యి అలవాటు లేదు.
సరిపోయింది.

ఉందనే తేలింది.
మస్తాన్‌బీ కాగితం తెరవకుండానే ఇంకో మడత వేసి
రవికెలో దోపుకుంది.
"సరుకు తెలిసిందిగా," అంది, నడుముకు గొట్టం సర్దుకుంటూ.
"ఇప్పుడు విప్పమను.
ఎంతమేరకో ముందు చెప్పి విప్పమను."

సోమవారం మళ్లీ జాడీ.
వేరే పేరు, అదే వంకర.
చేతులు తుడుచుకుని, రెంటితో పట్టుకున్నాను.